ఐబీఎం తలుపు తట్టిన రోజు గ్యారీ విమానంలో షికారు కొడుతున్నారా..? సీ డ్రైవ్ వెనక ఉన్న మనిషి అసలు కథ ఇదీ!

విండోస్ కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్ తెరిచి, దానికి 'కాన్' అని పేరు పెట్టి చూడండి. ఇంగ్లిష్‌లో సీ, ఓ, ఎన్.. మూడే అక్షరాలు. సిస్టమ్ ఒప్పుకోదు. ఈ పేరు కుదరదని చెప్పేస్తుంది. ఒకప్పుడు ఈమెయిల్స్‌లో, ఆ తర్వాత వాట్సాప్‌లో తెగ తిరిగిన మిస్టరీ ఇది. బిల్ గేట్స్ కూడా కారణం చెప్పలేకపోయారంటూ ఫార్వర్డ్‌లు చక్కర్లు కొట్టాయి. అదంతా ఉత్తదే. కాన్ అంటే కన్సోల్. అంటే కీబోర్డు, స్క్రీన్. యాభై ఏళ్ల కిందటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో కీబోర్డుని, స్క్రీన్‌ని ఆ పేరుతో పిలిచేవారు. దాని నుంచి డాస్‌కి, డాస్ నుంచి విండోస్‌కి ఆ పేరు అలాగే వచ్చేసింది. అందుకే ఇప్పటికీ ఆ పేరు వేరే ఎవరికీ ఇవ్వరు.

ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ ఉంటుంది కదా. మరి ఏ, బీ ఏమయ్యాయి? అవి ఫ్లాపీ డ్రైవ్‌లు. డ్రైవ్‌లకి అక్షరాలతో పేర్లు పెట్టే అలవాటు చిన్న కంప్యూటర్లలోకి వచ్చింది కూడా ఆ సిస్టమ్‌తోనే. సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు కొన్నిసార్లు కనిపించే బయోస్ అనే మాట కూడా అక్కడిదే.

ఆ సిస్టమ్ పేరు సీపీ/ఎం. పార్టీ అనుకునేరు.. కాదు. కంట్రోల్ ప్రోగ్రామ్ ఫర్ మైక్రోకంప్యూటర్స్. దాన్ని రాసిన మనిషి గ్యారీ కిల్డాల్.

అమెరికాలో కంప్యూటర్ల గురించి కాస్త తెలిసినవాళ్లని ఆయన పేరు అడిగితే చాలామంది ఒకే ఒక్క ముక్క చెబుతారు. ఐబీఎం కోట్ల డాలర్ల డీల్ పట్టుకుని ఇంటికొస్తే, ఆయన సొంత విమానమెక్కి షికారుకి వెళ్లిపోయాడట, ఆ డీల్ బిల్ గేట్స్‌కి పోయిందట. అంతే. 52 ఏళ్ల జీవితం ఒక్క మధ్యాహ్నం దగ్గర ఆగిపోయింది. అసలు ఆ రోజు ఏం జరిగింది? అంతకుముందు ఆయన ఏం చేశారు?

పడవలు నడిపేవాళ్ల ఇంట్లో పుట్టి..

గ్యారీ 1942 మే 19న అమెరికా వాయవ్య మూలన ఉన్న సియాటిల్‌లో పుట్టారు. అది రేవు పట్నం. వాళ్ల తాత మొదలుపెట్టిన స్కూల్ ఒకటి ఉండేది. ఓడలు నడిపేవాళ్లకి సముద్రంలో దారి కనుక్కోవడం నేర్పే స్కూల్ అది. గ్యారీకి మాత్రం లెక్కల టీచర్ అవ్వాలని ఉండేది. ఆ ఉద్దేశంతోనే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరారు. అక్కడ కంప్యూటర్ దొరికింది. ఇక వదల్లేదు.

నేవీలో చేరాల్సి వచ్చినప్పుడు కూడా ఆయన చేసింది పాఠాలు చెప్పడమే. కాలిఫోర్నియాలో మాంటెరే అనే ఊళ్లో నేవల్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్కూల్ ఉంది. అక్కడే కంప్యూటర్ సైన్స్ బోధించారు. 1972లో డాక్టరేట్ వచ్చింది. 1973లో, రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటరే చదివి అందులో అనవసరమైన పనిని తీసేసేలా చేయడం ఎలాగన్న దాని మీద ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ఇవాళ్టికీ కంపైలర్ల గురించి చదివే విద్యార్థులు ఆ పద్ధతిని నేర్చుకుంటారు. ఆయన ఇంకేమీ చేయకపోయినా ఆ ఒక్క పేపర్‌తోనే పాఠ్యపుస్తకాల్లో ఉండేవారు.

ఇంతలో ఇంటెల్ అనే కంపెనీ 1971లో 4004 అనే చిప్‌ని మార్కెట్లోకి తెచ్చింది. వేలి గోరంత సిలికాన్ ముక్కలో ఒక కంప్యూటర్ మెదడు. ట్రాఫిక్ లైట్లకో, కాలిక్యులేటర్లకో పనికొస్తుందని చాలామంది అనుకున్నారు. గ్యారీ ఒకటి తెప్పించుకుని దాని మీద ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. వారంలో కొంత టైమ్ ఇంటెల్‌కి కన్సల్టెంట్‌గా కూడా పనిచేశారు. ఆ చిప్‌లకి అంకెల భాషలో కాకుండా మనుషులు చదవగలిగే భాషలో ప్రోగ్రాములు రాసేందుకు పీఎల్/ఎం అనే భాషని తయారుచేసిచ్చారు. మైక్రోప్రాసెసర్ల కోసం వచ్చిన మొదటి పైస్థాయి భాష అదే.

ఫ్లాపీ డ్రైవ్ ఉంది.. నడిపే దిక్కు లేదు

అప్పట్లో చిన్న కంప్యూటర్లో ప్రోగ్రామ్ దాచుకోవాలంటే కాగితం టేపే దిక్కు. పొడవాటి టేపు మీద చిల్లులు పడతాయి. ఆ చిల్లులే డేటా. మళ్లీ ఎక్కించాలంటే ఆ టేపు మొత్తం మిషన్‌లోంచి పోవాలి. మధ్యలో చిరిగితే మళ్లీ మొదటికే.

అలాంటి టైమ్‌లో గ్యారీ చేతికి షుగార్ట్ కంపెనీ ఫ్లాపీ డ్రైవ్ వచ్చింది. టేపులా మొత్తం తిప్పక్కర్లేదు. కావాల్సిన చోటికి నేరుగా వెళ్లి చదవొచ్చు. అయితే దాన్ని కంప్యూటర్‌కి కలిపే కంట్రోలర్ బోర్డు లేదు. గ్యారీ సాఫ్ట్‌వేర్ మనిషి. సర్క్యూట్లు కట్టబోయి కుదరక వదిలేశారు. చివరికి జాన్ టొరోడ్ అనే స్నేహితుడు ఆ బోర్డు తయారుచేసిచ్చారు. పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో ఇంటి వెనకున్న షెడ్డులో, 1974లో డిస్క్ తిరిగింది. గ్యారీ రాసిన ప్రోగ్రామ్ దాని మీద ఫైళ్లు రాసి, మళ్లీ చదివింది. అదే సీపీ/ఎం తొలి అడుగు.

దీన్ని కొనమని ఇంటెల్‌ని అడిగారు. ఇంటెల్ పీఎల్/ఎం తీసుకుంది కానీ సీపీ/ఎం మీద ఆసక్తి చూపలేదు. చిప్పులు అమ్మే కంపెనీకి ఫైళ్లు సర్దే ప్రోగ్రామ్ ఎందుకనుకుంది కాబోలు.

దాంతో గ్యారీ, ఆయన భార్య డొరోతీ మెకెవెన్ సొంతంగానే అమ్మకాలు మొదలుపెట్టారు. కంపెనీకి పెట్టిన పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్. ఊరి పేరు ఎవరికీ తెలియదు కానీ కంపెనీ మాత్రం నక్షత్రాల స్థాయి! తర్వాత ఆ ముందుమాట తీసేశారు. పత్రికల్లో చిన్న ప్రకటనలు ఇచ్చి కాపీ 70 డాలర్లకి అమ్మారు. ఆర్డర్లు, డబ్బు లెక్కలు, కాంట్రాక్టులు అన్నీ డొరోతీ చూసుకునేవారు. ఈ విషయం గుర్తుంచుకోండి. ఐబీఎం వచ్చిన రోజు దీనితో పనుంది.

వంట మాస్టర్, పొయ్యి, నీళ్లు

సీపీ/ఎంలో అసలు విషయం ఇక్కడుంది. 1977 ప్రాంతంలో ఇమ్సాయ్ అనే కంప్యూటర్ కంపెనీ సీపీ/ఎం లైసెన్స్ తీసుకుంది. ఇచ్చింది 25 వేల డాలర్లు. కానీ ఒక్కో కంపెనీ డ్రైవ్ ఒక్కో రకం. కంట్రోలర్ బోర్డులు వేరు, స్క్రీన్లు వేరు. ప్రతి మిషన్‌కీ సిస్టమ్ మొత్తం తిరగరాస్తూ కూర్చోవడం గ్యారీకి విసుగొచ్చింది.

అందుకే సిస్టమ్‌ని ముక్కలు చేశారు. మిషన్‌ని నేరుగా ముట్టుకునే పనులన్నీ.. అంటే కీబోర్డు నుంచి ఒక అక్షరం తీసుకోవడం, స్క్రీన్ మీద ఒక అక్షరం వేయడం, డిస్క్‌లో ఒక ముక్క చదవడం, రాయడం లాంటివన్నీ చిన్న భాగంలో పెట్టారు. దాని పేరే బయోస్. ఫైళ్లు ఎక్కడున్నాయో చూసుకునే భాగం బీడాస్. యూజర్ కొట్టిన కమాండ్ చదివే భాగం సీసీపీ. ఈ చివరి రెండూ ఏ మిషన్‌లో అయినా ఒకటే. మారేది బయోస్ ఒక్కటే.

పెళ్లి వంటలకి పక్క ఊరి నుంచి వంట మాస్టర్ వచ్చాడనుకోండి. పులిహోర చేసే పద్ధతి ఏ ఊరైనా ఆయనకి ఒకటే. కానీ పొయ్యి ఎక్కడ వెలిగించాలి, నీళ్ల ట్యాంక్ ఎటుంది, గిన్నెలు ఎవరింట్లో ఉన్నాయి.. ఇవి చూపించడానికి ఆ ఊరి మనిషి ఒకడుండాలి. బయోస్ ఆ ఊరి మనిషి. కంప్యూటర్ తయారుచేసే కంపెనీ ఆ కాస్త రాసుకుంటే చాలు. మిగతా వంట అంతా గ్యారీ చూసుకుంటారు.

ఇదంతా ఎంత చిన్నదో తెలుసా? సీపీ/ఎం 2.2లో కమాండ్లు చదివే భాగం 2 కేబీ. ఫైళ్లు చూసే భాగం 3.5 కేబీ. ఇప్పుడు వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ అంటూ వచ్చే ఒక్క ఫొటో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. అప్పటి మిషన్లలో మెమొరీ మహా అయితే 64 కేబీ. సిస్టమ్ పైభాగాన ఒక మూల సర్దుకుంటే, 256వ బైటు నుంచి మొదలయ్యే ఖాళీ జాగా అంతా ప్రోగ్రాముకే. ప్రోగ్రాముకి సిస్టమ్ సాయం కావాలంటే 5 అనే అడ్రస్‌కి కబురు పెడితే చాలు. ఏ మిషన్ అయినా అదే 5, అదే 256.

మిగతావాళ్లు ఏం చేశారు?

అదే 1977లో అమెరికా షాపుల్లోకి మూడు కంప్యూటర్లు వచ్చాయి. యాపిల్ 2, టాండీ కంపెనీ టీఆర్‌ఎస్-80, కమొడోర్ పెట్. మూడింటిదీ మూడు దారులు.

యాపిల్ 2లో డిస్క్ సిస్టమ్ బేసిక్ భాషని అంటిపెట్టుకుని ఉండేది. బేసిక్ ప్రోగ్రామ్‌లోంచి ఫైల్ తెరవాలంటే స్క్రీన్ మీద ప్రింట్ చేసినట్టే ఒక రహస్య అక్షరం, ఆ వెనకే కమాండ్ ప్రింట్ చేయాలి. మధ్యలో కాపు కాసిన డాస్ ఆ అక్షరం చూసి, ఇది స్క్రీన్‌కి కాదు నాకు అని పట్టుకుంటుంది. తెలివైన చిట్కానే. కానీ యాపిల్ దాటి బయట ఎక్కడా పనికిరాదు.

కమొడోర్ వాళ్లయితే డిస్క్ సిస్టమ్‌ని కంప్యూటర్‌లో పెట్టనే లేదు. డ్రైవ్‌లోనే వేరే ప్రాసెసర్ పెట్టి, ఫైళ్ల పని మొత్తం దానికే అప్పజెప్పారు. కంప్యూటర్ మెమొరీ మిగులుతుంది, కానీ డ్రైవ్ ఖరీదు పెరుగుతుంది.

ఇక టీఆర్‌ఎస్-80 సంగతి చూస్తే జాలేస్తుంది. అందులో ఉన్నది జెడ్80 చిప్. సీపీ/ఎం హాయిగా నడిచే చిప్ అది. కానీ మెమొరీలో మొదటి జాగాలోనే చెరపలేని రామ్.. అంటే ఆర్ఓఎం.. పెట్టేశారు. సీపీ/ఎంకి కావాల్సిన 5, 256 అడ్రస్‌లు సరిగ్గా అక్కడే ఉన్నాయి. దాంతో మామూలు సీపీ/ఎం ఆ మొదటి మోడల్‌లో ఎక్కనే లేదు. ఇంజిన్ సరిపోయింది, గుమ్మమే అడ్డం పడింది.

ఈ మూడు కంపెనీలూ సిస్టమ్‌ని తమ మిషన్ కోసమే రాసుకున్నాయి. గ్యారీ ఏ మిషన్‌దీ కాని సిస్టమ్ రాశారు. తేడా అంతా అదే. దాని ఫలితం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి తెలిసొచ్చింది. వర్డ్‌స్టార్, డీబేస్ లాంటి ప్రోగ్రాములు ముందుగా పుట్టింది సీపీ/ఎం మీదే. 90ల్లో తెలుగు టౌన్లలోని కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించిన పేర్లే ఇవి! 1981 నాటికి సుమారు 3 వేల రకాల కంప్యూటర్ మోడళ్ల మీద సీపీ/ఎం నడిచింది.

సీపీ/ఎం ఏమీ పూలపాన్పు కాదు. ఫైల్ కాపీ చేసే కమాండ్ పేరు పిప్. అందులో ముందు ఎక్కడికి అని రాసి, తర్వాత ఎక్కడి నుంచి అని రాయాలి. అలవాటు లేనివాళ్లు తిరగేసి కొట్టి అసలు ఫైల్‌నే పోగొట్టుకునేవారు. ఫైల్ ఎప్పుడు రాశారో తేదీ ఉండదు. సైజు కూడా 128 బైట్ల లెక్కనే తెలుస్తుంది, అసలు ఎన్ని బైట్లో తెలియదు. చెప్పకుండా ఫ్లాపీ మార్చారో, తర్వాత సేవ్ చేయబోతే ఎర్రర్. చేసిన పని గోవిందా.

ఇక్కడో ట్విస్ట్ ఉంది. 1980లో యాపిల్ 2లో గుచ్చుకునే ఒక కార్డు వచ్చింది. అందులో జెడ్80 చిప్ ఉంటుంది. అది పెడితే యాపిల్‌లోనూ సీపీ/ఎం నడుస్తుంది. కార్డు బాగా అమ్ముడుపోయింది. దాన్ని తయారుచేసి, గ్యారీ దగ్గర లైసెన్స్ తీసుకుని సీపీ/ఎంతో కలిపి అమ్మిన కంపెనీ ఏదో తెలుసా? మైక్రోసాఫ్ట్.

ఆ రోజు..

1980లో ఐబీఎం రహస్యంగా ఒక చిన్న కంప్యూటర్ తయారుచేస్తోంది. ఆ టీమ్ ముందు మైక్రోసాఫ్ట్ దగ్గరికి వెళ్లింది. బేసిక్ లాంటి భాషలు మైక్రోసాఫ్ట్ ఇస్తానంది. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం తమ దగ్గర లేదు. బిల్ గేట్సే వాళ్లని గ్యారీ దగ్గరికి పంపారు.

ఐబీఎం వాళ్లు పసిఫిక్ గ్రోవ్‌కి వచ్చిన ఆ ఉదయం గ్యారీ విమానంలో ఉన్న మాట నిజం. ఆయన పైలట్, విమానాలంటే పిచ్చి. కానీ ఆ రోజు వెళ్లింది షికారుకి కాదు. తన ఉద్యోగి టామ్ రోలాండర్‌తో కలిసి బిల్ గాడ్‌బౌట్ అనే ముఖ్యమైన కస్టమర్‌ని కలిసే పని మీద వెళ్లారు. కంపెనీలో కాంట్రాక్టులు చూసేది ఎలాగూ డొరోతీనే. ఏ కంపెనీ వచ్చినా ఆమెతోనే మాట్లాడేవారు. ఐబీఎంకీ అలాగే జరిగింది.

వాళ్లు ముందుగా ఒక కాగితం ముందు పెట్టారు. మేం ఇక్కడికి వచ్చినట్టు కూడా ఎవరికీ చెప్పకూడదు, మేం చెప్పేది రహస్యం, మీరు చెప్పేది మాత్రం రహస్యం కాదు.. స్థూలంగా అదీ అందులోని సారాంశం. డొరోతీ, కంపెనీ లాయరు సంతకానికి వెనకాడారు. అందులో తప్పుపట్టడానికి ఏముంది? తమ సరుకు వివరాలన్నీ అవతలి వాళ్ల చేతిలో పెట్టేసే కాగితం అది. గ్యారీ మాత్రం మధ్యాహ్నానికి తిరిగొచ్చానని, ఐబీఎం వాళ్లతో మాట్లాడానని చెబుతూ వచ్చారు. ఐబీఎం తరఫున వచ్చినవాళ్లలో ఒకరైన జాక్ శామ్స్ ఆయన్ని కలిసిన గుర్తు లేదన్నారు. కథలు ఇలా రెండు రకాలుగా మిగిలిపోయాయి. కానీ రెండు కథల్లోనూ డీల్ ఆగింది విమానం వల్ల కాదు. కాగితం దగ్గర, ఆ తర్వాత డబ్బు దగ్గర. ఒకేసారి ఇంత అని ఇచ్చేస్తామని ఐబీఎం, అమ్మిన కాపీకి ఇంత చొప్పున కావాలని డిజిటల్ రీసెర్చ్.

ఇంకో కారణం కూడా ఉంది. దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఐబీఎం కంప్యూటర్‌లో వాడింది ఇంటెల్ కొత్త తరం 16 బిట్ చిప్. దానికి సరిపోయే సీపీ/ఎం-86 అప్పటికి రెడీగా లేదు. నెలలు గడుస్తున్నా రాలేదు. ఇది మాత్రం ఐబీఎం తప్పు కాదు, గేట్స్ తప్పూ కాదు. కొత్తగా ఏదైనా కనిపిస్తే దాని వెంటపడి, చేతిలో ఉన్నది పూర్తి చేయడం ఆలస్యం చేసే స్వభావం గ్యారీది.

సియాటిల్‌లో మరో కుర్రాడు

సీపీ/ఎం-86 కోసం ఎదురుచూసి విసిగిపోయినవాళ్లలో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ ఒకటి. చిన్న కంపెనీ. వాళ్లు కొత్త ఇంటెల్ చిప్‌తో బోర్డు తయారుచేశారు, దానికి సిస్టమ్ లేక అమ్ముడుపోవట్లేదు. అక్కడి ఇంజినీర్ టిమ్ ప్యాటర్సన్ 1980లో సొంతంగా ఒకటి రాసేశారు. అదే 86-డాస్. సీపీ/ఎం ప్రోగ్రాములని తేలిగ్గా ఇటు మార్చుకునేలా చేయాలన్నది ఆయన ఉద్దేశం. అందుకే ప్రోగ్రాములు సిస్టమ్‌ని పిలిచే పద్ధతి, ఫంక్షన్ నంబర్లు, ఎనిమిది అక్షరాల ఫైల్ పేరు చివర మూడు అక్షరాలు, ఏ, బీ డ్రైవ్‌లు, 256వ బైటు నుంచి ప్రోగ్రామ్.. అన్నీ సీపీ/ఎం లాగే ఉంటాయి.

మరి ఇది కాపీనా? పైన కనిపించే గుమ్మం, తలుపులు గ్యారీవే. లోపలి అలమరాలు వేరు. డిస్క్ మీద ఫైళ్లు సర్దడానికి ప్యాటర్సన్ ఫ్యాట్ అనే పద్ధతి వాడారు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క చదవాలో ఒకే చోట పట్టిక రాసి ఉంచడం దాని సూత్రం. మైక్రోసాఫ్ట్ బేసిక్‌లో అంతకుముందే ఆ పద్ధతి ఉంది. ఫైల్ సైజు బైట్లతో సహా తెలుస్తుంది. తేదీ ఉంటుంది. కాపీ కమాండ్‌లో ముందు ఎక్కడి నుంచి, తర్వాత ఎక్కడికి. సీపీ/ఎం యూజర్లు తిట్టుకున్న చాలా విషయాలని ప్యాటర్సన్ సరిచేశారు. అది ఒప్పుకోవాల్సిందే. అయితే అందరికీ తెలిసిన గుమ్మం గ్యారీ కట్టి ఉంచకపోతే, అంత తొందరగా ఆ ఇంట్లోకి జనం వచ్చేవారు కాదన్నది కూడా అంతే నిజం. ఎవరైనా తమ మిషన్‌కి తగిలించుకునేలా, ఎవరైనా ప్రోగ్రాములు రాసుకునేలా ఆ పిలుపులన్నీ మాన్యువల్‌లో పూర్తిగా రాసిపెట్టారు గ్యారీ. ప్యాటర్సన్‌కి కావాల్సింది కూడా ఆ మాన్యువలే.

1981 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ డాస్ హక్కులన్నీ 50 వేల డాలర్లకి కొనేసింది. ఆగస్టు 12న ఐబీఎం పీసీ బయటికొచ్చింది.

గ్యారీ చూసి ఊరుకోలేదు. కోర్టుకి వెళతామని చెప్పారు. సాఫ్ట్‌వేర్ మీద కాపీరైట్ అంటే ఏమిటో కోర్టులకే స్పష్టంగా తెలియని రోజులవి. కేసు దాకా పోకుండా ఐబీఎం ఒక ఒప్పందానికి వచ్చింది. పీసీతో పాటు సీపీ/ఎం-86ని కూడా అమ్ముతామంది. గ్యారీ గెలిచానని అనుకున్నారు.

షాపుకెళ్లి ధర చూస్తే తెలిసింది. మైక్రోసాఫ్ట్ డాస్ 40 డాలర్లు. సీపీ/ఎం-86.. 240 డాలర్లు! పైగా అది షాపుల్లోకి వచ్చింది పీసీ వచ్చిన కొన్ని నెలలకి, 1982లో. పక్కపక్కనే పెట్టిన రెండు డబ్బాల్లో ఆరు రెట్ల ధరున్నది ఎవరు కొంటారు?

కెమెరా ముందు గ్యారీ

ఇక్కడితో ఆయన కథ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ తర్వాతే ఆయన తెర మీదకొచ్చారు. 1983 నుంచి అమెరికా పబ్లిక్ టీవీలో కంప్యూటర్ క్రానికల్స్ అనే షో వచ్చింది. స్టూవర్ట్ షిఫే పక్కన కూర్చుని కొన్నేళ్ల పాటు గ్యారీ కో-హోస్ట్‌గా చేశారు. గడ్డం, మెత్తటి గొంతు. పోటీ కంపెనీ వాళ్లు వచ్చి తమ సరుకు చూపిస్తున్నా, అందులోని ఇంజినీరింగ్ గురించి టీచర్‌లా ప్రశ్నలు అడిగేవారు. ఆ ఎపిసోడ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. చూడొచ్చు.

కంపెనీ కూడా ఊరుకోలేదు. ఒకేసారి రెండు మూడు ప్రోగ్రాములు నడిపే కంకరెంట్ సీపీ/ఎం తెచ్చింది. డాస్‌కి రాని విద్య అది. 1985లో జెమ్ అనే బొమ్మల తెర తెచ్చింది. మౌస్, విండోలు, ఐకాన్లు అన్నీ ఉంటాయి. అది యాపిల్ మాకింతోష్‌ని పోలి ఉందని యాపిల్ గొడవకి దిగింది. కోర్టు తప్పించుకోవడానికి పీసీ వెర్షన్‌లో చెత్తబుట్ట బొమ్మ తీసేశారు, విండోలని కదలకుండా రెండే చేశారు. చూసిన వాళ్లకి మొహం మొత్తింది.

కానీ అటారీ కంపెనీ అదే ఏడాది తెచ్చిన ఎస్‌టీ కంప్యూటర్‌కి ఆ గొడవ అంటలేదు. అందులో జెమ్ పూర్తిగా నడిచింది. 1984లో వచ్చిన మాక్ ధర 2,495 డాలర్లు. ఎస్‌టీ నలుపు తెలుపు మానిటర్‌తో కలిపి 799 డాలర్లు. అదే ఏడాది వచ్చిన కమొడోర్ అమిగా డిజైన్‌లో ఇంకా ముందుంది. ఒకేసారి పలు ప్రోగ్రాములని సిస్టమే వాటాలేసి నడిపించేది. ఎస్‌టీలో ఒక టైమ్‌లో ఒక ప్రోగ్రామే. కానీ ఎస్‌టీ లోపల చూస్తే తమాషా ఉంటుంది. డ్రైవ్‌లకి మళ్లీ ఏ, బీ, సీ. ఎనిమిది, మూడు అక్షరాల పేర్లు. డిస్క్ మీద మాత్రం ఫ్యాట్! గ్యారీ కంపెనీయే చివరికి డాస్ పద్ధతిలో సిస్టమ్ రాసింది.

గ్యారీకి మాత్రం అప్పటికే మనసు సీడీల మీద పడింది. వేరే కంపెనీ పెట్టి, 1985లో గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియాని సీడీ-రామ్‌లోకి ఎక్కించారు. బీరువా నిండే పుస్తకాలు ఒక్క పళ్లెంలోకి వచ్చేశాయి. అలా వచ్చిన మొదటి ఎన్‌సైక్లోపీడియా అది.

1988లో డిజిటల్ రీసెర్చ్ డీఆర్-డాస్ తెచ్చింది. మైక్రోసాఫ్ట్ డాస్ ప్రోగ్రాములన్నీ దానిమీద నడుస్తాయి. అంటే ఇప్పుడు అవతలి వాళ్ల గుమ్మాన్ని వీళ్లు కట్టారు. 1990లో వచ్చిన 5వ వెర్షన్ మెమొరీ వాడకంలో మైక్రోసాఫ్ట్ కంటే ముందుంది. 1991లో కంపెనీని నోవెల్ కొనేసింది. ఆ తర్వాత విండోస్ 3.1 టెస్ట్ వెర్షన్‌లో ఒక కోడ్ బయటపడింది. కింద ఉన్నది మైక్రోసాఫ్ట్ డాస్ కాకపోతే ఎర్రర్ మెసేజ్ చూపించే కోడ్ అది. డీఆర్-డాస్ హక్కులు కొన్న కాల్డెరా 1996లో కోర్టుకెళ్లింది. 2000లో మైక్రోసాఫ్ట్ డబ్బులిచ్చి రాజీ చేసుకుంది. అది చూడటానికి గ్యారీ లేరు.

చివరి రోజులు

డొరోతీతో 1983లో విడాకులయ్యాయి. కంపెనీ అమ్మిన డబ్బుతో ఆయనకి లోటేమీ లేదు. టెక్సాస్‌లో ఆస్టిన్ పక్కన ఇల్లు కొన్నారు. విమానాలున్నాయి. కానీ ఎక్కడికెళ్లినా అదే ప్రశ్న. ఆ రోజు నిజంగా విమానంలో ఉన్నారా అని. 1992లో ఆయన చదివిన యూనివర్సిటీ కంప్యూటర్ విభాగం 25 ఏళ్ల వేడుక చేసింది. అక్కడ డాక్టరేట్ చేసిన గ్యారీ ఆహూతుల్లో ఒకరు. ముఖ్య ప్రసంగం చేసింది హార్వర్డ్ చదువు మధ్యలో ఆపేసిన బిల్ గేట్స్. అది గ్యారీకి బాగా గుచ్చుకుంది. ఆ తర్వాతే కూర్చుని తన జ్ఞాపకాలు రాశారు. 1993 చివర్లో కొన్ని కాపీలు వేయించి స్నేహితులకి, ఇంట్లోవాళ్లకి పంచారు. మార్కెట్లోకి మాత్రం రాలేదు.

తాగుడు ఆయన్ని దెబ్బతీసింది. 1994 జులై 8న మాంటెరేలోని ఒక బార్‌లో ఆయన తలకి దెబ్బ తగిలింది. కిందపడ్డారా, ఎవరితోనైనా గొడవ జరిగిందా అన్నది ఎప్పటికీ తేలలేదు. మూడు రోజుల తర్వాత, జులై 11న చనిపోయారు. సియాటిల్‌లో ఖననం చేశారు.

ఆయన పోయాక కూడా వాదన ఆగలేదు. 2004లో హెరాల్డ్ ఇవాన్స్ రాసిన ఒక పుస్తకంలో డాస్ అనేది సీపీ/ఎం కాపీ అన్న అర్థంలో రాశారు. టిమ్ ప్యాటర్సన్ పరువు నష్టం కేసు వేశారు. 2007లో కోర్టు దాన్ని కొట్టేసింది.

2014 ఏప్రిల్‌లో పసిఫిక్ గ్రోవ్‌లో, లైట్‌హౌస్ అవెన్యూ 801 నంబర్ ఇంటి ముందు ఒక ఫలకం పెట్టారు. పాత డిజిటల్ రీసెర్చ్ ఆఫీస్ అది. సీపీ/ఎం మొదటిసారి నడిచింది ఈ ఊళ్లోనే అని దాని మీద ఉంటుంది. 2016లో పిల్లలు ఆయన జ్ఞాపకాల్లో మొదటి భాగాన్ని కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా అందరికీ ఉచితంగా ఇచ్చారు. చివరి అధ్యాయాలు ఇవ్వలేదు. తాగుడుతో పోరాడుతున్న రోజుల్లో రాసినవని, అందులో ఉన్నది అసలు తండ్రి కాదని వాళ్ల మాట. బయటికొచ్చిన భాగంలో షెడ్డు ఉంది, కాగితం టేపులున్నాయి, టొరోడ్ కంట్రోలర్ పనిచేసిన రాత్రి ఉంది.